పాటకు పీట వేసినవాడు: పండిత్ విష్ణు దిగంబర్ పలుస్కర్

పాట కూడు పెడుతుందా? బదిలీల మీద ఊరూరా తిరిగే మాలాంటి ఉపాధ్యాయులకు ఈ ప్రశ్న ప్రతి ఊళ్లోనూ ఎదురవుతుంది. ఊరు మారితే అడిగే భాష మారుతుంది గాని ప్రశ్న మారదు. తరగతిలో మంచి గొంతున్న పిల్ల కనబడి, ఈమెకు సంగీతం నేర్పించండి అని మేము అనగానే తల్లిదండ్రులు మొదట అడిగేది ఇదే. అలా అడగడం తప్పని అనలేం. ఇంటి అద్దె, బియ్యం, పిల్లల ఫీజులు పాటతో గడుస్తాయా అన్నది నిజమైన భయమే. పిల్లల భయం మరొకటి. పాటను నమ్ముకుని బతకాలంటే ఎవరు ఏది పాడమంటే అది పాడాలేమో, మనసుకు నచ్చినది వదులుకోవాలేమో అని వాళ్లు జంకుతారు.

ఈ రెండు భయాలనూ దాదాపు 125 ఏళ్ల కిందటే ఎదుర్కొన్న గాయకుడు పండిత్ విష్ణు దిగంబర్ పలుస్కర్. హిందుస్థానీ సంగీతం ఐచ్ఛికంగా తీసుకున్న పై తరగతుల విద్యార్థులకు ఈ పేరు పాఠంలో తగిలే ఉంటుంది. మిగిలిన మనకు పేరు తెలియకపోయినా ఆయన పని తెలుసు. అక్టోబరు 2న ప్రార్థన సమావేశంలో మనమంతా కలిసి పాడే రామధున్ ఉంది కదా, దాని బాణీ ఆయనదేనని ప్రసిద్ధి. సంగీతానికి ఒక బడి, ఒక తరగతి, ఒక పుస్తకం, ఒక పరీక్ష ఉండడం ఈనాడు మనకు మామూలు విషయం. ఆ మామూలుతనం వెనక ఆయన జీవితమంతా ఉంది.

విష్ణు 1872 ఆగస్టు 18న కురుంద్వాడ్‌లో పుట్టాడు. అది ఇప్పటి మహారాష్ట్రలో, కొల్హాపూర్ జిల్లాలో ఉంది. అప్పట్లో చిన్న సంస్థానం. మన విజయవాడ మీదుగా వచ్చి సముద్రంలో కలిసే కృష్ణానది అక్కడ పంచగంగతో కలుస్తుంది. వారి ఇంటిపేరు గాడ్గిల్. పలుస్ అనే ఊరి నుంచి వచ్చినవారు కనుక పలుస్కర్ అయ్యారు. తండ్రి దిగంబర్ గోపాల్ కీర్తనకారుడు. మన హరికథకుల్లాగే కథను పాటతో, మాటతో నడిపించి ఊరిని కూర్చోబెట్టే విద్య ఆయనది. కొడుకు చెవికి పాట ఇంట్లోనే తగిలింది.

చిన్నతనంలో దత్తజయంతి ఉత్సవంలో టపాకాయ ముఖం దగ్గర పేలి విష్ణు కళ్లు దెబ్బతిన్నాయి. దగ్గరలో సరైన వైద్యం లేదు. చూపు మసకబారింది. చదువు సాగే దారి మూసుకుపోయింది. చికిత్స కోసం మిరజ్ తీసుకువెళ్లారు. కళ్లు పూర్తిగా బాగుపడవని తేలాక, గొంతు బాగుంది కనుక సంగీతం నేర్పించమని అక్కడి వైద్యుడే సలహా ఇచ్చాడు. సితార్లకు, తంబూరాలకు నేటికీ పేరున్న ఊరు మిరజ్. ఆ ఊళ్లోనే పండిత్ బాలకృష్ణబువా ఇచల్‌కరంజీకర్ ఉండేవారు. గ్వాలియర్ ఘరానా ఖయాల్ గానాన్ని ఎంతో కష్టపడి నేర్చుకుని మహారాష్ట్రకు తెచ్చిన గురువు ఆయన. 1887 ప్రాంతంలో విష్ణు ఆయన దగ్గర చేరాడు. సుమారు తొమ్మిదేళ్లు సాధన సాగింది. గురువు ఇంట్లో శిష్యుడంటే పాట నేర్చుకునేవాడే కాదు, ఇంటి పనులన్నీ చేసేవాడు కూడా. గురువు మనసు బాగున్న వేళ విన్నదే పాఠం, విన్నదాన్ని వందసార్లు పాడుకోవడమే చదువు.

మిరజ్ సంస్థానాధీశుడికి ఈ కుర్రవాడంటే అభిమానం. తిండికీ బట్టకూ లోటు లేకుండా చూశాడు, సంస్థానం మనిషిగా గౌరవం ఇచ్చాడు. అలాగే ఉండిపోతే విష్ణు జీవితం సాఫీగా గడిచేది. కాని ఒక సంఘటన ఆయనను కుదిపేసిందని చెబుతారు. ఊళ్లో ఏదో సభకు పెద్దమనుషులందరికీ పిలుపులు వెళ్లాయి. రాజుగారి ఆదరణ ఉంది కనుక విష్ణుకు పిలుపు వచ్చింది, ఆయన గురువుకు రాలేదు. ఎందుకని అడిగితే, గురువుగారు పాటగాడే కదా అన్న ధోరణిలో జవాబు వచ్చిందట. తనకు దొరికిన గౌరవం పాటకు కాదని, రాజుగారి నీడకని ఆ శిష్యుడికి అర్థమైంది. అంత పెద్ద విద్వాంసుడికి లేని మర్యాద తనకెందుకు? విద్వాంసుడికి లేని మర్యాద విద్యకు ఎలా వస్తుంది?

1896లో ఆయన మిరజ్ వదిలి బయలుదేరాడు. వయసు 24. వెంట ఇద్దరు సహాధ్యాయులు. చేతిలో డబ్బు లేదు, చూపు సగం, ముందు ఏ కొలువూ లేదు. సతారా, బరోడా, గ్వాలియర్, సౌరాష్ట్ర ఇలా ఊరు తరవాత ఊరు. సౌరాష్ట్రలో ఆయన చేసిన పని ఈనాడు మనకు వింతగా తోచదు, ఆనాడు మాత్రం చాలా వింత. చిన్న రుసుము పెట్టి, టికెట్టు కొని ఎవరైనా రావచ్చని చెప్పి కచేరీ చేశాడు. శాస్త్రీయ సంగీతానికి టికెట్టు పెట్టి సామాన్యులను పిలిచిన తొలివారిలో ఆయనను చెప్పుకుంటారు.

టికెట్టు ముక్కలో ఏముంది అనిపించవచ్చు. చాలా ఉంది. ఆస్థానంలో గాయకుడు ప్రభువు పిలుపు కోసం కాచుకుని ఉండాలి. విందులో పదిమంది కబుర్లాడుతుంటే వారి మధ్య పాడాలి. ప్రభువుకు నచ్చితే శాలువా, నచ్చకపోతే మర్నాడు కొలువు ఉంటుందో లేదో తెలియదు. టికెట్టు కచేరీలో వేళ ముందే తెలుసు. వినేవాడు తన ఇష్టంతో, తన డబ్బుతో, పాట కోసమే వస్తాడు. ఆ వచ్చేవాడు గుమాస్తా కావచ్చు, దుకాణదారు కావచ్చు, బడిపంతులు కావచ్చు. గాయకుడి బతుకు ఒక్క మనిషి దయ మీద కాకుండా వందమంది ఇష్టం మీద నిలబడుతుంది. వందమందిలో పదిమంది అలిగినా పాట ఆగదు. పలుస్కర్ పట్టుకున్న కీలకం ఇదే. ఎవరి మీదా ఆధారపడకుండా ఏ కళాకారుడూ బతకలేడు. ఎవరి మీద ఆధారపడాలో మాత్రం తానే ఎంచుకోవచ్చు.

మన తెలుగువారికి ఇలాంటి కథ ఒకటి ముందే తెలుసు. త్యాగరాజస్వామి తంజావూరు ఆస్థానం పిలుపును కాదని ఉంఛవృత్తితో బతికారని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం. అది ఒక దారి. ఇంటికి ఎంత బియ్యం వస్తే అంతతో సరిపెట్టుకున్న మహానుభావుడి దారి. పలుస్కర్ కాలం వేరు, తలకెత్తుకున్న బరువు వేరు. ఆయన తానొక్కడు బతకాలనుకోలేదు. పదిమంది విద్యార్థులకు అన్నం పెట్టి పాట నేర్పాలనుకున్నాడు. అందుకు భిక్షాపాత్ర చాలదు. రుసుములు, చందాలు, పుస్తకాల అమ్మకం, లెక్కల పద్దు కావలసి వచ్చాయి.

ఉత్తరదేశం తిరుగుతూ ఆయన మథురలో కొంతకాలం ఆగాడు. అక్కడ సంగీతం కంటే ఎక్కువగా నేర్చుకున్నది వ్రజభాష. హిందుస్థానీ సంగీతంలో బందిష్‌లు చాలావరకు ఆ భాషలోనివే. మరాఠీ ఇంట పుట్టిన తాను, ఏళ్ల తరబడి పాడుతున్న మాటల అర్థం సరిగా తెలుసుకోవాలనుకున్నాడు. భాష చెప్పుకుని బతికే మాకు ఈ ఘట్టం అన్నిటికంటే ఇష్టం. తెలుగునేలకు దూరంగా ఉన్న మన విద్యాలయాల్లో త్యాగరాజ కృతిని హిందీలోనో ఇంగ్లీషులోనో రాసుకుని, మాట తెలియకుండా పాడే పిల్లలు ఎందరో. శ్రుతి తప్పదు, తాళం తప్పదు. మాట మాత్రం ఎక్కడో విరుగుతుంది. పాడే మాటకు అర్థం తెలుసుకోవడం కూడా కళలో నిజాయితీయే. దానికి ఖర్చు లేదు, కావలసింది ఓపిక.

ఢిల్లీ, అమృత్‌సర్, జలంధర్ మీదుగా ఆయన చివరికి లాహోర్ చేరాడు. 1901 మే 5న అక్కడ గాంధర్వ మహావిద్యాలయాన్ని ప్రారంభించాడు. ఏ సంస్థానం కొలువులోనూ భాగం కాకుండా, ప్రజల విరాళాలతో, తన కచేరీల సంపాదనతో నడిచే సంగీత పాఠశాల అది. అప్పటికి అలాంటి ఆలోచనే కొత్త. మరాఠీ మనిషి, బంధువుల్లేని ఊరు, పంజాబీ, ఉర్దూ మాటల మధ్య జీవనం. మొదట్లో కొద్దిరోజుల పాటు ఒక్క విద్యార్థి కూడా రాలేదని ఆయన జీవితం రాసినవారు చెబుతారు. అయినా రోజూ వేళకు వచ్చి, ఖాళీ గదిలో తంబూరా శ్రుతి చేసుకుని, తరగతి ముగిసే వేళ దాకా పాడుకుని వెళ్లేవాడట. కొత్త ఊళ్లో, కొత్త బడిలో, తెలుగు తీసుకున్న పిల్లలు ఇద్దరో ముగ్గురో ఉన్న తరగతి ముందు నిలబడ్డ మాకు ఆ ఖాళీ గది ఎలా ఉంటుందో కొంచెం తెలుసు. వేళకు గది తెరవడం కూడా బోధనలో భాగమే. క్రమంగా విద్యార్థులు వచ్చారు, బడి నిండింది.

అక్కడ ఆయన పెట్టిన పద్ధతి చూడండి. ఏ తరగతిలో ఏది నేర్పాలో పాఠ్యప్రణాళిక ఉంది. పరీక్షలు ఉన్నాయి, పట్టాలిచ్చే ఉత్సవం ఉంది. ఆడపిల్లలకూ చోటుంది. కొంత సరదా కోసం నేర్చుకునేవారు ఫీజు కట్టి నేర్చుకోవచ్చు. సంగీతమే వృత్తిగా ఎంచుకునే వారికి ఉపదేశక్ తరగతి అని వేరే ఏర్పాటు. వారికి తిండి, వసతి, చదువు అన్నీ ఉచితం. కాని ఏళ్ల తరబడి నియమంగా ఉండి పూర్తిగా నేర్చుకోవాలి, మధ్యలో వదలడానికి లేదు. నేర్చుకున్నాక మరొకరికి నేర్పాలి. త్వరగా పదిమందిని తయారుచేసి వేదిక ఎక్కిస్తే డబ్బు వచ్చేదే. ఆ తొందర ఆయనకు లేదు.

అప్పటిదాకా పాట గురువు గొంతు నుంచి శిష్యుడి చెవికి చేరేది. అంతే దారి. గురువు చెప్పనంటే విద్య అక్కడితో ఆగిపోయేది. పలుస్కర్ స్వరాన్ని, తాళాన్ని కాగితం మీద గుర్తులతో రాసే స్వరలిపిని తయారుచేశాడు. సంగీత బాలప్రకాశ్, రాగప్రవేశ్ వంటి పాఠ్యపుస్తకాలు వరసగా అచ్చువేశాడు. చూపు మసకబారి చదువు ఆగిపోయిన మనిషి, ఇతరులు కళ్లతో చూసి చదువుకునేందుకు లిపి కట్టాడు. ఆ పుస్తకాల అమ్మకం బడికి ఆదాయం కూడా అయింది.

1908లో ఆయన బొంబాయి వచ్చి అక్కడ విద్యాలయం తెరిచాడు. అది లాహోర్ కంటే పెద్దదైంది. వాద్యాలు తయారుచేసి బాగుచేసే కార్ఖానా కూడా పెట్టాడు. తంబూరా తెగితే మిరజ్ దాకా పోనవసరం లేకుండా, శిష్యులకు చేతిపని కూడా వచ్చేలా. పేద ఇంటి నుంచి వచ్చి ఆయన దగ్గర పెరిగిన ఓంకార్‌నాథ్ ఠాకూర్ 20 ఏళ్లు నిండీ నిండకముందే లాహోర్ విద్యాలయానికి ప్రధానాధ్యాపకుడయ్యాడు. వినాయకరావు పట్వర్ధన్, నారాయణరావు వ్యాస్, బి.ఆర్. దేవధర్ ఇక్కడి వారే. విద్యార్థులు పెరిగేకొద్దీ సొంత భవనం అవసరమైంది. అప్పు తెచ్చి కట్టాడు. కచేరీలు చేసి తీరుస్తానని ధైర్యం.

ఇక్కడే కథ కష్టమవుతుంది. కొన్నాళ్లకు ఆయన మనసు భక్తి వైపు, రామాయణ గానం వైపు మళ్లింది. కాషాయం కట్టాడు. కచేరీల రాబడి తగ్గింది, వడ్డీ మాత్రం తగ్గలేదు. ఉచితంగా తిండి పెడుతున్న విద్యార్థులను పంపించలేడు, నేర్పే ఏళ్లు కుదించలేడు. 1924లో అప్పులవాళ్లు భవనాన్ని వేలం వేయించారు. ఇరవై ఏళ్లకు పైగా ఊరూరా పాడి కూడబెట్టినది పోయింది. అన్నిటినీ పాటతో నిలబెట్టిన మనిషిని లెక్కల పద్దు పడగొట్టింది. ఈ ముక్క దాచి ఆయన జీవితం చెబితే పిల్లలకు సగం పాఠమే చెప్పినట్టు.

ఆ వేలానికి కొద్దినెలల ముందు ఆయన మన తెలుగునేలకు వచ్చాడు. 1923 డిసెంబరులో కాకినాడలో జాతీయ కాంగ్రెస్ మహాసభ జరిగింది. అదే సభల దగ్గర, టికెట్టు లేదని నెహ్రూగారినే ప్రదర్శన ద్వారం వద్ద ఆపిన బాలిక దుర్గాబాయి కథ మనకు తెలిసిందే. పలుస్కర్ కాంగ్రెస్ సభల్లో వందేమాతరం పాడుతూ ఉండేవారు. ఆ ఏడు అధ్యక్షులు మౌలానా మహమ్మద్ అలీ. సభలో సంగీతం తమ మతానికి సమ్మతం కాదని ఆయన అభ్యంతరం చెప్పారు. ఇది ఒక మతానికి చెందిన వేదిక కాదు, జాతి మొత్తానిది అని పలుస్కర్ బదులిచ్చి పాట పూర్తిగా పాడారు. అధ్యక్షులు తమ నమ్మకం ప్రకారం వేదిక దిగారు. ఇద్దరూ స్వాతంత్ర్యం కోసం నిలిచినవారే. ఇందులో ఎవరు గెలిచారన్న లెక్క మనకు అవసరం లేదు. పిలిచిన పెద్దల ముందు కూడా గాయకుడు తన పాటను సగంలో మింగలేదన్నది గమనించాలి. మిరజ్‌లో గురువుకు పిలుపు రాని సభను చూసి బయలుదేరిన మనిషి, దేశంలోనే పెద్ద సభలో గాయకుడి మాటకు విలువ ఉందని చూపించాడు.

ఆయన చేసినదంతా సరైనదేనని అందరూ ఒప్పుకోరు. శృంగారం పాలు ఎక్కువైన పాత బందిష్‌ల మాటలు తీసి భక్తి మాటలు పెట్టడం వల్ల కొన్ని పాటల సొగసు పోయిందని విమర్శ ఉంది. తరతరాలుగా ఈ విద్యను కాపాడిన ముస్లిం ఉస్తాదుల ఇళ్లకు, వృత్తి గాయనులకు ఈ కొత్త గౌరవంలో తగిన వాటా దక్కలేదని చరిత్రకారులు అంటారు. ఆ కాలంలోనే సంగీతానికి శాస్త్రగ్రంథాలు రాసిన విష్ణు నారాయణ్ భాత్‌ఖండేతో ఆయనకు అభిప్రాయభేదాలు ఉండేవి. పలుస్కర్ స్వరలిపి కంటే భాత్‌ఖండే లిపి సులువైనది కనుక అదే ఎక్కువ వాడుకలోకి వచ్చింది. ఇవన్నీ నిజాలే. గొప్పవారి జీవితం చదవడమంటే దండ వేసి రావడం కాదు కదా.

భవనం పోయాక ఆయన నాసిక్‌లోని తన ఆశ్రమంలో ఉండి, దగ్గర మిగిలిన శిష్యులకు నేర్పుతూనే ఉన్నాడు. ఆయన ఇంట పుట్టిన పిల్లల్లో చాలామంది పసితనంలోనే పోయారు. 1921లో పుట్టిన దత్తాత్రేయ ఒక్కడే దక్కాడు. 1931 ఆగస్టు 21న, తాను పాట మొదలుపెట్టిన మిరజ్‌లోనే పలుస్కర్ కన్నుమూశాడు. వయసు 59. కొడుక్కి అప్పుడు పదేళ్లు. ఆస్తి లేదు. శిష్యులున్నారు. వినాయకరావు, నారాయణరావు కలిసి గురువు కొడుక్కి గురువు పాటనే నేర్పారు. అతడే డి.వి. పలుస్కర్. 1952 నాటి బైజూ బావ్రా సినిమాలో ఉస్తాద్ అమీర్ ఖాన్‌తో కలిసి పాడిన గొంతు అది. 1955లో, 34 ఏళ్లకే అతడూ వెళ్లిపోయాడు గాని, రికార్డుల్లో ఇప్పటికీ వినవచ్చు.

గురువు పోయిన ఏడాదే శిష్యులు అహ్మదాబాద్‌లో కూడి గాంధర్వ మహావిద్యాలయ మండలిని స్థాపించారు. దాని పరీక్షలు ఈనాటికీ దేశమంతటా జరుగుతున్నాయి. ఓంకార్‌నాథ్ ఠాకూర్ కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో సంగీత విభాగాన్ని నిలబెట్టాడు. దేవధర్ బొంబాయిలో బడి పెట్టి కుమార్ గంధర్వను తయారుచేశాడు. గురువు సబర్మతి ఆశ్రమానికి పంపిన నారాయణ్ మోరేశ్వర్ ఖరే 1930లో గాంధీజీతో పాటు దండికి నడిచాడు. వేలంలో పోయింది ఇటుకలు, సున్నం. ఉపదేశక్ తరగతి పోలేదు. ఏళ్ల తరబడి అన్నం పెట్టి, తొందరపడకుండా నేర్పిన విద్య ఊరూరా బదిలీ అయి మళ్లీ మొలిచింది.

కాబట్టి, పాట కూడు పెడుతుందా అని అడిగే తల్లిదండ్రులకు మేము ఈ జీవితం చెబుతాం. పెడుతుందని హామీగా కాదు. పలుస్కర్‌కు పెట్టింది, ఒక దశలో ఉన్నదంతా లాక్కుంది కూడా. పాటతో బతకడం ఒక పని. దానికి సాధన కావాలి, వినేవారిని గౌరవించడం కావాలి, పాడే మాట అర్థం తెలియాలి, రాబడి ఎంత, ఖర్చు ఎంత అన్న పద్దు రాసుకోవడం కూడా కావాలి. మన విద్యాలయంలో వారానికి వచ్చే సంగీతం పీరియడుకు ఆలస్యంగా రాకండి, లెక్కల పీరియడుకూ ఆలస్యంగా రాకండి. ఈసారి అక్టోబరు 2న రామధున్ పాడేటప్పుడు మీలో ఎవరైనా ముందుకు వచ్చి, ఆ బాణీ కట్టిన మనిషి గురించి నాలుగు మాటలు చెబితే, తెలుగులోనే సరిదిద్ది ఇవ్వడానికి మేమున్నాం.